గింజలో జింక్ ఎంత అన్నది సరే, ఎక్కడ?

జింక్ అధికంగా గల వరి వంగడాలపై చర్చ అంతా ఒకే అంకె చుట్టూ తిరుగుతున్నది. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్‌ఆర్ ధాన్ 45 పేరు వినగానే, పాలిష్ చేసిన బియ్యంలో 22.6 పి.పి.ఎం. జింక్ అన్న మాట గుర్తుకు వస్తుంది. బియ్యాన్ని పొడిచేసి, ఆమ్లంలో కరిగించి కొలిచే ఇటువంటి అంకె మొత్తాన్ని చెబుతుంది గాని, ఆ జింక్ గింజలో ఏ పొరలో, దేనితో కలిసి ఉన్నదో చెప్పదు.

ఆ లోటును సింక్రోట్రాన్ ఎక్స్-కిరణ సూక్ష్మదర్శిని తీర్చగలదు. వలయంలో కాంతివేగానికి చేరువగా పరిభ్రమించే ఎలక్ట్రాన్లు వెలువరించే ఎక్స్-కిరణాలను కొన్ని మైక్రాన్ల బిందువుగా కేంద్రీకరించి, గింజ కోతపై వరుసగా నడిపిస్తారు. ప్రతి మూలకమూ తనదైన శక్తి గల ప్రతిదీప్తి కిరణాన్ని వెలువరించగా, మూలకాల పటం తయారవుతుంది. వరిలో ఇనుము చాలావరకు అల్యూరోన్ పొరలోనూ పిండంలోనూ ఫైటిక్ ఆమ్లంతో పాటు నిలిచిపోతుందనీ, జింక్ మాత్రం అంతకంటే ఎక్కువగా అంకురచ్ఛదంలోకి చేరుతుందనీ ఇటువంటి పటాలు చూపాయి. మిల్లులో ఇనుము తవుడు పాలవుతుండగా జింక్ కొంతైనా బియ్యంలో మిగలడానికి కారణం ఇదే.

ఇందుకు విదేశాలకు పోనక్కరలేదు. ఇండోరులోని రాజా రామన్న ప్రగత సాంకేతిక కేంద్రంలో 2.5 జీఈవీ శక్తి గల ఇండస్-2 వలయంపై సూక్ష్మ ఎక్స్-కిరణ ప్రతిదీప్తి సౌకర్యం ఉన్నది. గ్రెనోబుల్ వంటి చోట్ల నానోమీటర్ల స్థాయి కిరణం లభిస్తుంది, నిజమే. అల్యూరోన్ కణాలు పదుల మైక్రాన్ల పరిమాణంలో ఉన్నప్పుడు అంత సూక్ష్మత ఈ ప్రశ్నకు అవసరమా? అయినా వ్యవసాయ శాస్త్రవేత్తల చూపు ఇండోరు వైపు మళ్లవలసినంత మళ్లలేదు.

మళ్లినప్పుడు జాగ్రత్త కూడా వెంట ఉండాలి. రంగుల పటం చూడగానే నమ్మబుద్ధి వేస్తుంది. నీటి ద్రావణాల్లో నానబెట్టిన కోతలో పొటాషియం వంటి కరిగే మూలకాలు స్థానం మారుతాయి. వేగంగా గడ్డకట్టించిన నమూనాయే నమ్మదగినది. పైగా ఒక కంకిలోనే పై గింజకూ కింది గింజకూ తేడా ఉంటుంది. ఎన్ని మొక్కల నుంచి ఎన్ని గింజలు కోశారో తెలుపని పటాన్ని, పునరావృతులు లేని క్షేత్ర ప్రయోగంతో సమానంగానే చూడాలి.

విస్తరణ శాస్త్రవేత్తకు కావలసిన ప్రశ్న ఇక్కడే ఉన్నది. పూత దశలోనో పాలుపోసుకునే దశలోనో రైతు పిచికారి చేసిన జింక్ సల్ఫేట్‌లో గింజకు చేరిన భాగం అంకురచ్ఛదంలోకి పోతున్నదా, తవుడులోనే ఆగుతున్నదా? తవుడులోనే ఆగేటట్లయితే, తెల్లబియ్యం తినేవారి పోషణ పేరుతో ఆ పిచికారి ఖర్చును రైతుపై మోపడం న్యాయం కాదు. ఏ వంగడంలో, ఏ దశలో అది లోపలికి పోతుందో తేల్చడం స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి తగిన పని. దానికి మొదట కావలసినవి పొలంలో సక్రమంగా వేసిన మళ్లు. కిరణ సమయం కోసం దరఖాస్తు ఆ తరువాతి మాట.