వెలుగునకును ఒక వన్నె కలదు

మహానగరముల రాత్రిశోభను గూర్చి ప్రసంగించునపుడు మనము సాధారణముగా మేడల యెత్తును, అంతస్తుల సంఖ్యను చెప్పుకొని అచ్చెరువందుదుము గాని, ముంబయిలో ప్రొద్దు క్రుంకిన పిమ్మట మలబారు కొండమీది కమలా నెహ్రూ ఉద్యానమున నిలిచి క్రిందనున్న మెరైన్ డ్రైవ్‌ను ఒక్కమారు తిలకించినవారికి, ఆ సౌందర్యమునకు మూలము ఔన్నత్యము కాదనియు, ఒద్దిక యనియు తెలియక మానదు.

చౌపాటీ యిసుకతీరము మొదలు నారిమన్ పాయింటు దాక అర్ధచంద్రాకృతిని వంగిన ఆ వీథి పొడవునను దీపములు బారులుదీరి వెలుగుచుండ, వాని వెనుక 1930, 1940 దశకములలో ఆర్ట్ డెకో రీతిని నిర్మితములైన భవనములు, గుండ్రని మూలలతోను, చుట్టి వచ్చు బాల్కనీలతోను, ఇంచుమించు సమానమైన యెత్తున, ఒకదాని నొకటి మించవలెనను తహతహ లేక నిలిచియుండును. వంపు తుదిని మాత్రమే నారిమన్ పాయింటు సౌధములు తలలెత్తును. నల్లని నీటిపై నిలువుగా సాగిన వెలుగుచాళ్లు అల వచ్చినపుడెల్ల తునియలై, అల పోగానే మరల అతుకుకొనును. ఈ దీపముల వరుసను జనులు ‘క్వీన్స్ నెక్లెస్’ (రాణిగారి హారము) అని పిలిచిరి. 2018లో యునెస్కో ముంబయిలోని విక్టోరియన్ గోథిక్, ఆర్ట్ డెకో కట్టడములను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినపుడు ఈ భవనపంక్తియు అందు చేరినది.

కట్టడములకు లభించిన ఈ గౌరవము వెలుగునకు లభించినదా? 2015లో విద్యుత్తు పొదుపునకై ఆ వీథిలోని సోడియం దీపములను తొలగించి తెల్లని ఎల్‌ఈడీలను బిగించిరి. పసిమివన్నె సోడియమునకు స్వభావసిద్ధమైన గుణమే గాని, ఏండ్ల తరబడి ఆ వన్నెలోనే తమ సముద్రతీరమును చూచుకొనిన నగరవాసులకు ఆ తెలుపు కంటగింపయ్యెను. హారము వెలవెలబోయినదని పలువురు ఆక్షేపించిరి. కడకు పసుపు వెలుగే తిరిగి వచ్చినది. ఆ ఆక్షేపణము ముమ్మాటికిని న్యాయమైనదని నా నమ్మకము. పొదుపు వలదని నేననను. వెచ్చని వన్నెగల ఎల్‌ఈడీలును దొరకుచుండగా, పొదుపునకును అందమునకును వైరము కల్పింపనేల?

పైగా ఈ దీపశోభ ధనవంతుల వినోదము కాదు. చర్చిగేటు స్టేషనునకు పోయి లోకల్ బండి యెక్కవలసిన గుమాస్తా, దినమంతయు బరువులు మోసి అలసిన కూలివాడు, చాటుగా చేతులు కలుపుకొనిన యువదంపతులు, అందరును ఆ గట్టుమీద కాళ్లు వ్రేలాడవైచి, కాల్చిన మొక్కజొన్న కండె నమలుచు, నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలపై విరుగు కెరటముల మ్రోత వినుచు, ఆ దృశ్యమును కాసు చెల్లింపకయే అనుభవించుచున్నారు. ఇరుకు గదులలో కాపురముండు నగరమున ఇంతటి విశాలమైన ఉమ్మడి ఆస్తి వేఱొండు కలదా? ఆ నగరనిర్మాణమున మనవారి చెమటయు కలదు. తెలుగునాటినుండి వలసవెళ్లిన కామాటీల పేరనే అచట కామాఠిపుర అను పేట వెలసినది.

మన విశాఖపట్టణమునకును వంపు దిరిగిన కడలితీరము కలదు, దానివెంట దీపములు బారుదీరిన వీథి కలదు, సాయంకాలమున వచ్చి కూర్చుండు జనులు కలరు. కావున వీథిదీపముల బాధ్యత వహించు పురపాలక ఇంజనీరులకు నా మనవి యొక్కటి: టెండరు పత్రములో వాట్లతోపాటు వన్నెను గూడ వ్రాయుడు; క్రొత్త దీపములను ముందుగా నాలుగు స్తంభములకు బిగించి, అచట కూర్చుండువారి నడిగిన పిమ్మటనే తక్కినవి బిగింపుడు.