లొంగిపోయిన తల్లులకు మా మండలములలో చోటు

సంపాదకుల వారికి,



లొంగిపోయిన మావోయిస్టులకు తక్షణసాయముగా 25,000 రూపాయలును, పిమ్మట వారి తలపై ప్రకటించియుండిన రివార్డు సొమ్మును ఇచ్చుట మన ప్రభుత్వ విధానము. ఉదారమే, కాని రివార్డు హోదాను బట్టి యుండుటచే, 2025 సెప్టెంబరులో వెలికివచ్చిన కేంద్రకమిటీ సభ్యురాలు సుజాతగారికి 25 లక్షలు లభింపగా, దళమున వంటచేసి, మూటలు మోసి, రాత్రులు కాపలాకాసిన గిరిజనయువతి అందులో స్వల్పభాగముతో తృప్తిపడవలసియున్నది. ఇట్లే సియెర్రా లియోన్‌లో అంతర్యుద్ధానంతరము తుపాకి అప్పగించినవారినే యోధులుగా లెక్కించుటచే, చంకబిడ్డలతోనున్న బాలికలనేకులు ఏ సాయమునకును నోచుకొనరైరి.

దళములలో వివాహమునకు ముందు పురుషునకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేయించు నియమమున్నదని వెలికివచ్చినవారు పలుమారులు చెప్పియున్నారు. కావున వీరిలో పలువురికి మాతృత్వము లొంగుబాటు తరువాతనే, అనగా చేతిసొమ్ము కరగిపోవు వేళకే, సంప్రాప్తించును. అప్పుడు కావలసినవి జననపత్రము, కులపత్రము, రేషన్ కార్డు, బిడ్డను అంగన్‌వాడీలో దింపి పోదగిన కూలిపని. సొంతయూరికి పోయినచో ఒకవైపు ఇన్‌ఫార్మరను అనుమానము, మరియొకవైపు పోలీసుల నిఘా.

మా చేవెళ్ల, మొయినాబాదు మండలములలో గుడిమల్కాపూరు సంతకు పూలుపంపు తోటలు కలవు. పూలు కోయ వచ్చినదానిని పని వచ్చునాయని అడుగుదురే గాని, ఏ యూరిదానవని నిలదీయరు. "ఆ తంటా మనకేల?" అను పొరుగువారు లేకపోలేదు. 2003లో మా చేవెళ్లనుండి బయలుదేరిన పాదయాత్ర ఫలముగా వచ్చిన ప్రభుత్వమే మరుసటి సంవత్సరము నక్సలైట్లతో చర్చలకు కూర్చున్నదని వారికి గుర్తుచేయుదును. చర్చలు విఫలమైనమాట వేరు.

తెలంగాణ సాయుధపోరాటము 1951లో విరమింపబడిన పిమ్మట ఆడువారిని ఇండ్లకు పొమ్మనిన తీరును, అడవిలో బిడ్డను పరులకిచ్చివేసిన కమలమ్మగారి వేదనను 1986 నాటి 'మనకు తెలియని మన చరిత్ర' గ్రంథస్థము చేసినది. నేడు అంగన్‌వాడీలును, మహిళాసంఘములును రెండును ఒకనాడు దళమునుండి వచ్చిన మంత్రి సీతక్కగారి శాఖలలోనే యున్నవి. వారు తలచినచో, మా రెండు మండలములలో ఒక్కొక్క గ్రామసంఘము ఇద్దరు ముగ్గురు తల్లులను, స్థిరనివాసపు నిబంధన సడలించి, పొదుపులోను అప్పులోను తక్కిన సభ్యులతో సమానముగా చేర్చుకొనవచ్చును. ఆ తల్లుల పాతపేర్లుగాని, ఛాయాచిత్రములుగాని పత్రికలకెక్కకుండుట మాత్రము మొదటి షరతు కావలెను.

ఇట్లు,
మొయినాబాదు పాఠకురాలు