మదనపల్లె కళాశాల

1919 ఫిబ్రవరిలో రవీంద్రులు మదనపల్లెకు విచ్చేసి జనగణమన గీతమును స్వయముగా ఆంగ్లీకరించిరనియు, మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి వ్రాసెననియు మనవారు గర్వముతో చెప్పుకొందురు. చెప్పుకొనదగినదే. కాని ఆ మహాకవికి ఆతిథ్యమిచ్చిన కళాశాల ఆనాడెట్టి స్థితిలో నుండెనో విచారించువారు అరుదు.

అనిబిసెంటు 1915లో స్థాపించిన ఆ విద్యాలయము హోమ్‌రూల్ ఉద్యమమున నిలిచి మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపును కోల్పోయినది. అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయమే దానికి అండ. రవీంద్రులు దానికి ఛాన్సలరు. కనుక మదనపల్లెలో ఆయన ఒట్టి అతిథి కారు. కళాశాలను నడిపినది ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్. అంతయు బాగే. అయితే ఆ పట్టమునకు సర్కారు కొలువులలో విలువ లేదు. కరవు సీమలో డిగ్రీ యనగా కూడు గదా! అది తెలిసియు చదివిన పిల్లలు, తెలిసియు పంపిన తలిదండ్రులు కలరు. వేదికలపై జాతీయ విద్యను కొనియాడిన పెద్దలలో ఆ పట్టభద్రులకు పని యిచ్చినవారెందరు?

తుదకు కళాశాల మరల మద్రాసు గుర్తింపునే ఆశ్రయించినది. దానిని పిరికితనమని మేమనజాలము. ఒంటరిగా విడిచినవారము మనమే. నేటి ప్రయివేటు కళాశాలల ప్రకటనలలో మొదటి పంక్తి ఉద్యోగముల లెక్కయే. ఆ లెక్కను అడుగుచున్నదియు మనమే.