అక్షరము రక్తములోనిదా, ఇంటిలోనిదా?



ఒకే కడుపున పుట్టిన ఇద్దరు పిల్లలలో ఒకడు పుస్తకము పట్టగానే చదువును. రెండవవాడు అదే పుటయొద్ద కన్నీరు పెట్టును. "వీడికి మీ వాళ్ల బుద్ధే వచ్చింది" అని తల్లి అనును. "నువ్వు దగ్గర కూర్చోబెట్టి చదివించవు" అని తండ్రి అనును. ఇద్దరిలో ఎవరి మాట నిజము? చైనా పిల్లల చదువు ఈ ప్రశ్నకు మంచి వెలుగునిచ్చుచున్నది గనుక ఈ నెల దానినిగూర్చి ఆలోచింతము.

మన పిల్లలకు గుణింతములు, వత్తులు వచ్చిన యెడల ఎన్నడును చూడని మాటనైనను కూడబలుక్కొని చదువగలరు. చైనీయులకు ఆ వీలు లేదు. వారి లిపిలో ఒక్కొక్క గుర్తు ఒక పలుకునకును, సాధారణముగా ఒక అర్థమునకును నిలుచును. ఆరేండ్ల ప్రాథమిక విద్య ముగియునప్పటికి పిల్లవాడు సుమారు 3000 గుర్తులను గుర్తుపట్టవలెననియు, వాటిలో సుమారు 2500 వ్రాయవలెననియు చైనా పాఠ్యప్రణాళిక చెప్పుచున్నది. 1958లో ఆమోదించబడిన పిన్యిన్ అను రోమను అక్షరముల పద్ధతి అక్కడి పిల్లలకు ఉచ్చారణలో తోడ్పడును. హాంకాంగ్ పిల్లలు ఎక్కువగా ఆ ఊతకర్ర లేకుండనే నేర్చుకొందురు.

ఇటువంటి లిపికి ఎడతెగని సాధన చాలునని తోచవచ్చును. హాంకాంగ్ పరిశోధకులు దీనిని కవల పిల్లలలో పరిశీలించి 2011లో ఫలితములు ప్రకటించిరి. పద్ధతి సులువైనది. ఒకే అండమునుండి కలిగిన కవలలకు జన్యువులు దాదాపు అన్నియు ఒకటే. రెండు అండములనుండి కలిగినవారు మామూలు తోబుట్టువులవంటివారు. ఏ జంట చూచినను ఇద్దరు పెరిగిన ఇల్లు ఒకటే. మొదటి విధపు జంటలలో పోలిక ఎక్కువగా నున్న యెడల అది జన్యువుల పని. రెండు విధములలోను సమానముగా నున్న యెడల ఇంటి పని. గుర్తులను చూచి చదువుటలో పిల్లల మధ్యనున్న తేడాలకు జన్యువుల పాలు గట్టిగానే యున్నదని తేలినది. మాటల సంపదలోను, పలుకులను చెవితో విడదీయుటలోను ఇంటి పాలు స్పష్టముగా కనబడినది.

అయితే "చదువు జన్యువు" అనునది ఒక్కటి లేదు. 2003లో ఫిన్లాండు పరిశోధకులు చదువులో ఇబ్బందికి సంబంధమున్నదని ఒక జన్యువును చూపిరి. తరువాత అటువంటివాటిని చైనా పిల్లలలోను పరిశీలించిరి. ఒక్కొక్కదాని ప్రభావము స్వల్పము. పైగా ఈ లెక్కలు ఒక గుంపులోని తేడాలను చెప్పునేగాని ఒక బిడ్డ భవిష్యత్తుమీద తీర్పు చెప్పవు. దగ్గర చూపు దోషము వంశములో వచ్చుట కలదు. అయినను కళ్లజోడుతో బిడ్డ నల్లబల్లమీది అక్షరము చదువును గదా!

ఇంకొక సంగతి. చదువరులైన తల్లిదండ్రులు బిడ్డకు జన్యువులను, పుస్తకములున్న ఇంటిని రెండింటిని ఇత్తురు. గనుక పుస్తకముల బీరువా చూచి, అంతయు ఇంటి మహిమయే అనుట తొందరపాటు.

మరి తల్లిదండ్రుల చేతిలో ఏమియు లేదా? ఉన్నది. 2008లో ప్రకటించిన మరొక హాంకాంగ్ పరిశోధనలో కిండర్‌గార్టెను పిల్లలు 148 మందిని చీట్లు వేసినట్లు నాలుగు గుంపులుగా విభజించిరి. పన్నెండు వారములు గడచెను. కథ చదువుచు బిడ్డను ప్రశ్నలడిగి మాటలాడించిన ఇండ్లలో మాటల సంపద హెచ్చినది. మాటలు ఎట్లు కూడునో నేర్పిన ఇండ్లలో గుర్తులను చదువు శక్తియు పెరిగినది. చైనీయములో "విద్యుత్తు"కు "పలుకు" చేర్చిన టెలిఫోను, "మెదడు" చేర్చిన కంప్యూటరు, "నీడ" చేర్చిన సినిమా అగును. ఒక్క మాట తెలిసిన బిడ్డకు మూడు తలుపులు తెరచుకొనును.

వ్రాత నేర్పు తల్లులనుగూర్చియు ఇట్టి సంగతియే కనబడినది. గీత తరువాత గీత చెప్పి దిద్దించు తల్లుల పిల్లలకంటె, గుర్తులోని భాగముల అర్థము విప్పి చెప్పు తల్లుల పిల్లలు చదువులో ముందుండిరి. "తల్లి" అను గుర్తులో ఒక ప్రక్క "స్త్రీ", మరొక ప్రక్క "గుఱ్ఱము" ఉండును. స్త్రీ అర్థమును, గుఱ్ఱము "మా" అను పలుకును తెలుపును. ఇట్లు చెప్పిన బిడ్డకు అది గీతల చిక్కుముడిగా కనబడదు.

కాబట్టి ఆ తల్లి మాటలోను, ఆ తండ్రి మాటలోను కొంత నిజమున్నది. అయితే ఆ నిజమును ఒకరిమీద ఒకరు విసరుకొనుటవలన బిడ్డకు ఒక్క అక్షరమైనను రాదు. శ్రద్ధగా నేర్పినను చదువలేని బిడ్డను "సోమరి", "మొద్దు" అని పిలువకుడి. వాని కష్టము పుట్టుకతో వచ్చినది కావచ్చును. ఉపాధ్యాయునితోను, తెలిసిన వైద్యునితోను ఆలస్యము చేయక మాటలాడుడి. అన్నతో పోల్చుట మానుడి. రాత్రి భోజనమైన పిమ్మట పావుగంట వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక కథ చదివి, "తరువాత ఏమయి ఉంటుందిరా?" అని అడుగుడి. జన్యువులను మనము మార్చలేము. ఆ పావుగంట మాత్రము మన చేతిలోనిది.