ట్రస్సు ఎత్తేది ఎవరి పూచీ మీద?

రైస్ మిల్లు కట్టినా, గోదాము కట్టినా, కల్యాణ మండపం కట్టినా ఇవాళ రేకుల కప్పు లేచే తీరు ఒక్కటే. కప్పును మోసే ఇనుప ట్రస్సును నేల మీదే వెల్డింగ్ చేస్తారు. అద్దెకు తెచ్చిన హైడ్రా క్రేన్ దాన్ని బెల్టుతో ఎత్తి స్తంభాల మీదికి చేరుస్తుంది. పైన కాచుకున్న కూలీలు బోల్టులు బిగిస్తారు. ఏ ప్లాను ప్రకారం ఎత్తుతున్నారు, గాలి ఎంత వీస్తే పని ఆపాలి, ఆపమనే అధికారం ఎవరిది అని అడిగి చూడండి. చాలా సైట్లలో జవాబు దొరకదు. ట్రస్సు కూలి మనిషి పోయాక మాత్రం ‘ప్రమాదవశాత్తు’ అన్న మాట సిద్ధంగా ఉంటుంది. ఆ మాట అబద్ధం.

ట్రస్సు బలమంతా పైనుంచి పడే బరువు మోయడంలోనే ఉంది. పక్కవాటుకు అది బలహీనం. పర్లిన్లు, బ్రేసింగ్ పడి పక్క ట్రస్సుతో జత కుదిరేదాకా తనంతట తాను నిలవలేదు. అందుకే మొదటి ట్రస్సును రెండు వైపులా గై రోపులతో లాగి కట్టాలి. కట్టకముందే క్రేన్ కొక్కెం విప్పేస్తే అది వాలుతుంది, తర్వాత నిలిపినవాటినీ వరసగా పడగొడుతుంది. బెల్టు కట్టడంలోనూ లెక్క ఉంది. టన్ను బరువును రెండు పాయల బెల్టుతో ఎత్తితే, నేలకు 60 డిగ్రీల వాలులో ఒక్కో పాయ మీద సుమారు 580 కిలోల లాగుడు పడుతుంది. వాలు 30 డిగ్రీలకు తగ్గితే ఒక్కో పాయా పూర్తి టన్ను లాగుడును భరించాలి. పొడవాటి ట్రస్సును పొట్టి బెల్టుతో ఎత్తేవారికి ఈ లెక్క ఎవరు చెప్పారు?

హైడ్రా మీద 14 టన్నులని రాసి ఉండొచ్చు. అది బరువు బండికి దగ్గరగా ఉన్నప్పటి సంగతి. బూమ్ సాగేకొద్దీ, బండి మలుపు తిరిగేకొద్దీ ఆ శక్తి పడిపోతుంది. ముందుకు చాచిన బూమ్ ఆపరేటర్ చూపునూ అడ్డుకుంటుంది. అయినా ఊగే ట్రస్సును చేత్తో పట్టుకుని హెల్పర్ బండి పక్కనే నడుస్తాడు. దూరం నుంచి అదుపు చేసే తాడు కూడా అతనికివ్వరు.

ఈ నిర్లక్ష్యానికి మూలం కూలీ తెలివితక్కువతనం కాదు, కాంట్రాక్టు. ఎరెక్షన్‌కు టన్నుల లెక్కన కూలి, క్రేన్‌కు గంటల లెక్కన అద్దె. గాలి తగ్గేదాకా ఆగితే నష్టం ముఠా మేస్త్రీది. యజమాని షెడ్డు కంపెనీని చూపిస్తాడు, కంపెనీ సబ్ కాంట్రాక్టర్‌ను, అతడు క్రేన్ యజమానిని. చివరికి కేసు ఆపరేటర్ మెడకు చుట్టుకుంటుంది.

1999 జూలై 14న అమెరికాలోని మిల్వాకీలో మిల్లర్ పార్క్ స్టేడియానికి 400 టన్నులకు పైబడిన కప్పు భాగాన్ని ఎత్తుతూ ‘బిగ్ బ్లూ’ క్రేన్ కూలి ముగ్గురు కార్మికులు చనిపోయారు. క్రేన్ మీద గాలి ఒత్తిడిని లెక్కించారు గాని, వేలాడే కప్పు మీద పడే ఒత్తిడిని లెక్కలోకి తీసుకోలేదు. 2000లో జ్యూరీ తప్పును ఆపరేటర్ మీదికి నెట్టలేదు. కప్పు పని చేపట్టిన మిత్సుబిషి అనుబంధ సంస్థపై 9 కోట్ల 40 లక్షల డాలర్ల దండన పరిహారం వేసింది. అప్పీళ్లు ఏళ్ల తరబడి నడిచినా, బాధ్యత ఎంత పైదాకా పాకుతుందో ఆ తీర్పు చూపించింది.

మన దగ్గర 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో పరీక్ష దశలోనే క్రేన్ కూలి 11 మంది బలయ్యారు. సరిగ్గా మూడేళ్లకు, 2023 ఆగస్టు 1న, మహారాష్ట్రలోని షాహాపూర్ దగ్గర సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే పనుల్లో గర్డర్లు ఎత్తే యంత్రం కూలి 20 మంది పోయారు. అంత పెద్ద ఘోరాలకైతే విచారణ సంఘాలు వేస్తారు. షెడ్డు కింద నలిగిన ఒకరిద్దరి చావు జిల్లా పేజీ దాటదు.

చట్టం లేక కాదు. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. కానీ రక్షణ అధికారి తప్పనిసరి కావాలంటే నిర్మాణంలో 250 మంది కార్మికులుండాలి. ఏ షెడ్డు సైటులో అంతమంది ఉంటారు? ఇన్‌స్పెక్టర్‌ను ‘ఫెసిలిటేటర్’గానూ మార్చారు. కార్మికుల సంక్షేమం పేరిట నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు మాత్రం వసూలవుతూనే ఉంది.

రెండు తెలుగు ప్రభుత్వాలు ఇప్పటికైనా కదలాలి. ఇంజనీరు సంతకంతో ఎత్తుడు ప్లాను లేనిదే ట్రస్సు లేవకూడదు. గాలికి ఆగిన గంటల అద్దె, కూలి యజమానే భరించాలని కాంట్రాక్టులో రాయించాలి. మనిషి పోయినప్పుడు దర్యాప్తు ఆపరేటర్ దగ్గర కాక, పని అప్పగించిన యజమాని దగ్గర మొదలవ్వాలి. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఐదేళ్ల దాకా జైలు చెబుతోంది. ఒక్క యజమానికి ఆ శిక్ష పడితే, రేపు గాలి లేచిన పూట క్రేన్ ఆపమని మొదట కేకవేసేది మిగతా యజమానులే.