చలనచిత్రములలో హింస

మనూరునందైనను నారాయణఖేడునందైనను వీథిలో నాడుకొను బాలురను గమనింపుడు. కఱ్ఱను కత్తిగ బట్టినవాడు నాయకుడు. పడువాడు లెక్కలోనివాడు కాడు. ఈ యాటకు గురువు చలనచిత్రమని వేఱుగ జెప్పనక్కఱలేదు.

చిత్రమును జూచుటచేతనే యొకడు హంతకుడయ్యెనను వాదము సాక్ష్యమునకు నిలువదు. న్యాయవాదవృత్తియందున్న మేము దాని నంగీకరింపము, పండితులలోను భేదాభిప్రాయములున్నవి. కాని 1965లో అమెరికా మానసిక శాస్త్రజ్ఞుడు బండూరా ప్రకటించిన పరీక్ష విచారింపదగినది. బొమ్మను గొట్టు మనుష్యుని చిత్రమును పిల్లలకు జూపిరి. కొట్టినవాడు దండింపబడుట చూచిన పిల్లలు తక్కువగ ననుకరించిరి. పిమ్మట బహుమాన మిత్తుమనగా వారును తక్కినవారివలెనే చేసి చూపిరి! నేర్చుట యందఱును నేర్చిరన్నమాట.

మన పూర్వుల యాటలలో యుద్ధము లేదా యని కొందఱడుగుదురు. లేకేమి? చిందు యక్షగానమున భారతకథ లాడినంతకాలము వీరులు గూలుచునే యుండిరి. అయితే అభిమన్యుడు పడినపిదప సుభద్ర యేడ్చును. భారతమున యుద్ధానంతరము స్త్రీపర్వమే యున్నది. చచ్చినవానికి తల్లి యుండెను. నేటి చిత్రమున నొక్క దెబ్బకు పదిమంది గాలిలో నెగిరి పడుదురు. వారికి తల్లియు లేదు, పేరును లేదు. పైపెచ్చు వాద్యఘోషము, ఈలలు! రక్తముకంటె ఈ యేడుపులేమియే మాకు భయంకరముగ దోచుచున్నది.

శాసనము లేకపోలేదు. 2023లో వచ్చిన 'సలార్', 2025లో వచ్చిన 'హిట్' మూడవభాగము 'ఎ' పత్రము పొందినవే. 18 ఏండ్లు నిండనివారికి అట్టి చిత్రమును ప్రదర్శించినచో 1952 నాటి సినిమాటోగ్రాఫు చట్టము 7వ సెక్షను ప్రకారము దండన విధింపవచ్చును. 2023 సవరణము 'యు/ఎ' తరగతిని 7, 13, 16 ఏండ్లుగ విభజించెను; కాని యా యంకెలు తల్లిదండ్రులకు సూచనలు మాత్రమే.

థియేటరు గుమ్మమున నడ్డగించుట కొకడైన నుండును. సెల్‌ఫోనునకు ద్వారపాలకుడే లేడు. 13 ఏండ్లు, అంతకు మించిన తరగతుల చిత్రములకు తల్లిదండ్రులు వేయదగిన తాళమును ఓటీటీ సంస్థలు కల్పింపవలెనని 2021 నియమములు విధించినవి. ఆ తాళము వేయుట యెట్లో మన పల్లెలలో నెందఱు తల్లిదండ్రులకు దెలియును? ఇంటిలో దాని మర్మమెఱిగినవాడు తఱచుగ నా పిల్లవాడే!

పఠనమందిరముల యువకులకు మా విన్నపమొక్కటి. ఒక్క యాదివారము మందిరమున గూర్చుండి, వచ్చిన తల్లిదండ్రుల ఫోనులలో నా తాళము వేసి చూపుడు. తాళపు సంఖ్య మాత్రము పిల్లవానిచేత వేయింపకుడు.