తలా కొన్ని ఫ్రేములు!

తెర మీద బొమ్మ నవ్వితే మనం ఈలలేస్తాం. ఆ నవ్వు కోసం ఎన్ని కంప్యూటర్లు రాత్రింబవళ్లు గానుగెద్దుల్లా తిరిగాయో ఎవరిక్కావాలి?

1995లో వచ్చిన ‘టాయ్ స్టోరీ’నే తీసుకోండి. పూర్తిగా కంప్యూటర్‌తో తయారైన మొట్టమొదటి పూర్తి నిడివి చిత్రమది. మొత్తం 1,14,240 ఫ్రేములు! వాటికి రంగూ, వెలుగూ, నీడా పెట్టి తుదిరూపమివ్వడాన్నే రెండరింగ్ అంటారు. ఆ పనికి పిక్సార్ వారు 117 సన్ కంప్యూటర్లను కూర్చోబెట్టారు. పట్టిన మెషీన్ గంటలు సుమారు 8 లక్షలు. ఒక్కదానికే అప్పజెప్పి ఉంటే 90 ఏళ్లు పట్టేది. తాత మొదలెట్టిన సినిమాకి మునిమనవడు టిక్కెట్టు కొనాల్సి వచ్చేదన్నమాట!

ఇందులో కిటుకు చిన్నదే. 40వ ఫ్రేము వెయ్యడానికి 39వది పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. నాట్లప్పుడు కూలీలు మునుం పట్టినట్టు, కంప్యూటర్లు తలా కొన్ని పంచుకుంటాయి. అజమాయిషీకి ఒకటుంటే చాలు.

మీరూ ఓ మూడు నిమిషాల బొమ్మల చిత్రం తీశారనుకుందాం. సెకనుకు 24 చొప్పున 4,320 ఫ్రేములు. ఒక్కోదానికి 5 నిమిషాలైతే 360 గంటలు, అంటే 15 రోజులు. పోటీకి పంపాల్సిన గడువేమో వచ్చే సోమవారం! అలాంటివే అయిదు కంప్యూటర్లు కలిపితే మూడు రోజుల్లో గట్టెక్కుతారు. ఉచితంగా దొరికే బ్లెండర్‌కి ఈ పంపకం చేసిపెట్టే ఫ్లమెంకో కూడా ఉచితమే.

కాకపోతే కొన్ని జాగ్రత్తలు. అన్నిట్లో ఒకే వెర్షన్ ఉండాలి. బొమ్మల ఫైళ్లు అన్నిటికీ అందే చోట ఉండాలి. లేదంటే ఒకదాంట్లో హీరో చొక్కా మాయం! ఎగిరే బట్టా, పారే నీళ్లూ మాత్రం ముందు ఫ్రేము మీద ఆధారపడతాయి. వాటి లెక్క ముందే కట్టించి దాచుకోవాలి. తుదిరూపాన్ని వీడియోగా కాకుండా విడివిడి బొమ్మలుగా తీసుకోండి. కరెంటు పోయినా నష్టం ఆ ఒక్క ఫ్రేముతో సరి.

నన్నడిగితే, కంప్యూటర్లు లెక్కపెట్టేముందు ఫ్రేముకి ఎంతసేపు పడుతోందో చూడమంటాను. 2024లో లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ ‘ఫ్లో’ని బ్లెండర్‌లో తీసి, సెకన్లలో తేలిపోయే పద్ధతి ఎంచుకున్నాడు. తుది ఫ్రేములన్నీ సొంత కంప్యూటర్‌లోనే వేసుకున్నాడు. 2025లో ఆస్కార్ కొట్టేశాడు!

మరి మీ ఫ్రేముకి ఎన్ని నిమిషాలు? ఇవాళే ఒక్కటి వేసి చూసుకోండి.